గొర్రెల నూనె పూసిన కాళ్లు

నా కుర్చీలో కూర్చున్న ఏ ఆడమనిషీ మొదటిరోజు నిజం చెప్పదు. ఒంటికి ఏదైనా పడదా అంటే అన్నీ పడతాయంటుంది. ఇంట్లో ఏ క్రీము వాడుతున్నావంటే సబ్బు తప్ప ముట్టనంటుంది. మర్నాడు చెంపలు కందితే మాత్రం తిన్నగా నా మీదికే వస్తుంది. గిద్దలూరులో రాచర్ల గేటు దగ్గర పార్లరు పెట్టినప్పటి నుంచి నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, ఎవరినీ నమ్మకపోవడం. ఎదుటివాళ్లు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకాన్నని మా అమ్మ తిడుతుంది. తిట్టనీ. లెక్కపెట్టకపోతే 'ఇర్ఫానా బ్యూటీ పార్లర్, ఆడవాళ్లకు మాత్రమే' అన్న బోర్డు ఈపాటికి ఎవరి కోళ్లగూటికో తలుపై ఉండేది.

అందుకే సునీతనూ నమ్మలేదు. రాచర్ల వైపు పల్లె పిల్ల. తండ్రి బ్రహ్మానికి గొర్రెల మంద ఉంది. డిగ్రీ గిద్దలూరులోనే చదివింది. మార్కాపురంలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే గోవర్ధన్ అనే పిల్లవాడితో పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందే జంటగా ఫొటోలు, వీడియోలు తీయించుకునే సరదా ఇప్పుడు మా వైపు పల్లెల్లోకీ వచ్చింది కదా, వాళ్లదీ ఆదివారం కంభం చెరువు దగ్గరట. పిల్లవాడు మోకాళ్ల దాకా వచ్చే గౌను ఆర్డరు పెట్టాడట. కాబట్టి కాళ్ల మీద వెంట్రుకలు తీసెయ్యాలని తల్లి మాలకొండమ్మ, పక్కవాళ్లకు వినపడకూడదన్నట్టు నసుగుతూ చెప్పింది. కూతురు నోరు విప్పలేదు. పెళ్లికూతురు మాట్లాడకుండా తల్లే మాట్లాడుతుంటే నాకు అక్కడే ఒక అనుమానం.

చర్మం సంగతి చూడనిదే నేను వ్యాక్స్ గిన్నె వేడి పెట్టను. పిక్క పక్కన కాస్త పూసి, పట్టీ అంటించి లాగి, మర్నాడు రమ్మన్నాను. ఈపొద్దే కానిచ్చేస్తే పోయేది కదా అని మాలకొండమ్మ సణిగింది. మర్నాడు చూస్తే అక్కడ రూపాయి బిళ్లంత మేర ఎర్రబడి, సన్నటి పొక్కులు లేచాయి. ఇంక వ్యాక్స్ మాట లేదు. వెంట్రుకలు కరిగించే క్రీముల మాట అంతకన్నా లేదు. ఇంత మెత్తని చర్మానికి ఒకటే దారి, రేజరుతో నెమ్మదిగా తీయడం.

మాలకొండమ్మ ముఖం మాడ్చుకుంది. ఆడపిల్ల కాలికి కత్తి పెడితే మగవాళ్ల గడ్డంలాగా బిరుసుగా మొలుస్తాయంది. అది వట్టి మాట, కోసిన కొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకు తగులుతుందే తప్ప ఒక్క వెంట్రుకా ఎక్కువ రాదని చెప్పాను. ఆమె నమ్మలేదు. గొర్రెకు కత్తెర వేసిన ప్రతిసారీ ఉన్ని ఒత్తుగా వస్తుందో రాదో తన కళ్లకు తెలియదా అంది. గొర్రెలతో వాదించలేక ఊరుకున్నాను.

రేజరు ప్యాకెట్టు వాళ్ల కళ్లముందే చించాను, రేపు మాట రాకూడదని. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నాననిచ్చాను. నురగ దట్టంగా పట్టించి, వెంట్రుక ఏ వైపు వాలి ఉంటే ఆ వైపే, చెయ్యి ఆనించీ ఆనించనట్టు లాగాను. నున్నగా రావాలని ఎదురు గీస్తే ఇలాంటి చర్మం ఊరుకోదు. ఒకసారి గీసిన చోట మళ్లీ గీయకూడదు. చల్లని గుడ్డతో అద్ది, రేజరు వాళ్లకే ఇచ్చేశాను. చివర, చెయ్యకూడనివి చెప్పాను. పసుపు వద్దు, సున్నిపిండి వద్దు, నిమ్మకాయ వద్దు, బిగుతు లెగ్గింగులు వద్దు, నూనెలు అసలే వద్దు.

అప్పుడు సునీత నోరు విప్పింది. పసుపు రాస్తే ఏమవుతుందక్కా అంది. నిమ్మరసం అయితే? కర్పూరం తగిలితే? బిగుతు లెగ్గింగు వేసుకుని ఎండలో నడిస్తే? ఎంతసేపటికి లేస్తాయి, ఎన్నాళ్లుంటాయి? అన్నిటికీ జవాబు చెప్పాను. చెబుతూనే ఉన్నాను, లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉంది. బాగు కావాలన్న మనిషి ఏం రాసుకోవాలో అడుగుతుంది. ఈ పిల్ల ఒక్కసారీ అది అడగలేదు. భయం కాబోలు అనుకుని పంపించాను.

రెండోనాడు పొద్దున షట్టరు ఎత్తానో లేదో ఆటో వచ్చి ఆగింది. ముందు దిగినామె రాధాకుమారి, గోవర్ధన్ తల్లి. ఆమెను అదే మొదటిసారి చూడడం, కానీ దిగిన తీరు చూడగానే పేచీకి వచ్చిందని తెలిసిపోయింది. వెనక మాలకొండమ్మ, ఆ వెనక సునీత. బ్రహ్మం కూడా వచ్చాడు గానీ, బోర్డు చూసి లోపలికి రాకుండా పక్కన మూసి ఉన్న టైర్ల దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు.

రాధాకుమారి కూర్చోలేదు. గౌను సరిపోతుందో లేదో చూద్దామని దాన్ని పట్టుకుని మార్కాపురం నుంచి తెల్లవారుజాము బస్సుకే వాళ్ల ఊరికి వచ్చిందట. తొడిగి చూస్తే ఈ భాగోతం. సునీత తనే లంగా అంచు మోకాలి దాకా ఎత్తి చూపించింది. మోకాలి నుంచి మడమ దాకా ప్రతి వెంట్రుక మొదట్లోనూ ఒక ఎర్రని పొక్కు. కొన్ని చీము పట్టాయి. పిక్కలు వాచి మెరుస్తున్నాయి.

"ఎందరి కాళ్లకు పెట్టిన కత్తి ఇది?" అంది రాధాకుమారి.

కొత్త ప్యాకెట్టు వాళ్ల ముందే చించానని, కావాలంటే మాలకొండమ్మను అడగమని అన్నాను. మాలకొండమ్మ తల ఊపింది. అయినా రాధాకుమారి చూపు నన్ను వదల్లేదు. నాకు తెలుసు ఆ చూపు, రోజూ అద్దంలో చూసుకునేదే. ఆమె ఈ మాట పట్టుకుని ఊరెళ్లిందంటే గిద్దలూరులో ఒక్క పెళ్లికూతురు నా గడప తొక్కదు. పెళ్లిళ్ల రోజులే నాకు ఏడాది పొడుగునా కూడు పెట్టేవి.

కిందికి వంగి కాళ్లు దగ్గరగా చూశాను. అప్పుడు తగిలింది వాసన. వేపనూనె. దాని మీద కర్పూరం. మాలకొండమ్మ వైపు తిరిగి ఏం పూశావు పెద్దమ్మా అని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోసారి అడిగితే చెప్పింది. గొర్రెలకు ఉన్ని కత్తిరించాక వేపనూనెలో పసుపు, కర్పూరం నూరి ఒళ్లంతా పూయడం వాళ్లింట్లో తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. పూయకపోతే కత్తెర గాట్ల మీద ఈగలు వాలి పురుగు పడుతుంది. కత్తి పడ్డ తోలు ఏదైనా తోలే కదా అని కూతురి కాళ్లకూ పూసింది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. నవ్వూ వచ్చింది. కానీ రాధాకుమారి నవ్వలేదు.

"నా కోడలు గొర్రెనా? ఎవురి చెవిలో పూలు పెడతాండావు వదినా? పిల్లకు ముందునుంచే ఏదో ఉండాది. అది దాచనీకె ఈ నూనె కత చెప్తాండావు." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు ముందు చూసినావు గదమ్మాయ్. కత్తి పెట్టక ముందు ఆ కాళ్ల మీద ఏమన్నా ఉండిందా, లేదా? ఉన్న మాట చెప్పు."

ఇరకాటం అంటే అదీ. ఏమీ లేదంటే కత్తిదే తప్పంటుంది, నూనె కథ ఎలాగూ నమ్మదు. ఉందంటే ఈ గొడవలోంచి నేను బయటపడతాను. పైగా అది పూర్తి అబద్ధం కూడా కాదు, వ్యాక్స్ పూసి చూసిన చోట ఎర్రబడింది నిజమే కదా. ఒక్క మాటతో నా బోర్డు నిలుస్తుంది. పిల్లకు చర్మరోగమన్న పేరు మాత్రం మార్కాపురం బస్సు కన్నా ముందే ఊళ్లు దాటుతుంది.

సునీత వైపు చూశాను. చెప్పొద్దని కళ్లతో బతిమాలుతుందనుకున్నాను. అలా లేదు. ఉందని చెప్పు, చెప్పు అన్నట్టు చూస్తోంది. అప్పటిదాకా నిద్రపోయిన పురుగు మళ్లీ తొలిచింది. మాలకొండమ్మను అడిగాను, నేను నూనెలు అసలే వద్దన్నాను కదా, పూయమని నీకు ఎవరు చెప్పారని.

"ఈ పిల్లే అడిగిందమ్మా. గొర్రెలకు పూసినట్ట పూయి, సల్లగుంటాది అనింది. మంట పుడతాదేమో అని నేను వద్దంటానే ఉండా."

ముందు ఆ నూనె కడగాలి, మిగతా మాటలు తర్వాత అని చెప్పి సునీతను తెర వెనక్కి తీసుకుపోయాను. స్టూలు మీద కూర్చోబెట్టి, మెత్తని సబ్బు నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టాను. పిక్కల మీద లెగ్గింగు కుట్టు అచ్చు పడి ఉంది. గోళ్ల సందుల్లో పసుపు. నేను వద్దన్నవి ఒక్కొక్కటీ ఆ కాళ్ల మీద కనిపిస్తున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాతో చెప్పించుకుని మరీ చేసినావు కదే," అన్నాను గొంతు తగ్గించి. "నా కడుపు కొట్టాలనా?"

ఆ పిల్ల బెదరలేదు. నిశ్చితార్థం ఫొటోతో మొదలైంది అంది. అందులో పట్టీల పైన కాలి మీద వెంట్రుకలు కనపడ్డాయట. గోవర్ధన్ ఆ ఫొటోను పెద్దది చేసి, వెంట్రుకలున్న చోట ఎర్రని సున్నా చుట్టి పంపాడట. తన చర్మానికి వ్యాక్సులూ క్రీములూ పడవని చెబితే, అందరు ఆడవాళ్లకు పడేది నీకెందుకు పడదు అన్నాడట. తల్లితో చెప్పుకుంటే, పిల్లోడు షోకైన మనిషి, నీ అదృష్టం అందట. ఆ తర్వాత చేతులకు సున్నా చుట్టాడు. ఆ తర్వాత పైపెదవికి. నిన్న సాయంత్రం పొక్కులు లేచాక తనే ఫొటో తీసి పంపింది.

"ఏమన్నాడో తెల్సా అక్కా? మేకప్ కొట్టించుకో, మిగిలింది ఎడిటింగ్‌లో తీపిస్తా, మా అమ్మకు మాత్రం కనపడనీయొద్దు అన్నాడు. అందుకే ఆమె గౌను తెచ్చినప్పుడు నేనే కాళ్లు ముందుకు పెట్టినా."

నేను మగ్గు పక్కన పెట్టాను.

"ముందునుంచే ఉండిందని చెప్పు అక్కా. ఆమే వద్దనుకుని పోతాది. నేను వద్దంటే మా ఇంట్లో ఎవురు ఇంటారు?"

ఎంత తేలికగా చెప్పింది. నాకూ అదే లాభం, తనకూ అదే లాభం. నోటిదాకా వచ్చింది సరే అనే మాట. కానీ ఈ కుర్చీలో కూర్చుని వెళ్లిన పిల్లల్ని చూశాను నేను. ఒకసారి రోగమన్న పేరు పడితే పొక్కు మానుతుంది గానీ పేరు మానదు. రేపు ఏ సంబంధం వచ్చినా ముందు లంగా ఎత్తి చూపించమంటారు. ఒక్క మగవాడి ఎర్ర సున్నా తప్పించుకోబోయి ఊరంతటి చేతా చుట్టించుకుంటుంది. అదీ చెప్పాను. పర్వాలేదంది. ఇరవై ఏళ్ల పిల్లకు అన్నీ పర్వాలేదు. అంతకన్నా, నా నోటితో తన పని కానిచ్చుకోవాలని చూసిందన్న కోపం నాకు పోలేదు.

"నీకు రోగముందని నేను చెప్పను," అన్నాను. "నా కత్తిది తప్పనీ చెప్పను. ఉన్న మాటే చెప్తా. ఆ తర్వాతది నీ నోరుంది, నువ్వే చెప్పుకో."

సునీత నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని తెర తీసి బయటికి వచ్చాను. పిల్లకు ఏ రోగమూ లేదని, చర్మం మెత్తనిది, అంతేనని, కత్తి కొత్తదని, నూనె, పసుపు, బిగుతు బట్ట అన్నీ తెలిసే, కావాలనే చేసుకుందని రాధాకుమారికి చెప్పాను. ఎందుకో తననే అడగమన్నాను.

ఇద్దరు తల్లులకూ మొదట ఆ మాట ఎక్కలేదు. కావాలని ఎవరైనా కాళ్లు పాడు చేసుకుంటారా అంది రాధాకుమారి. ఇప్పుడు ఆమె అనుమానం మా ముగ్గురి మీదికీ మళ్లింది, ముగ్గురం కూడబలుక్కుని తనను ఏదో మాయ చేస్తున్నామని. కొడుక్కి ఫోను కలిపింది. మాలకొండమ్మ తెర లాగి కూతురి జబ్బ పట్టుకుంది. ఎవడన్నా ఉన్నాడా, వాడి పేరు చెప్పు, డిగ్రీకని పంపితే ఇదా నువ్వు చేసింది అని పళ్ల సందున అడుగుతోంది. నాకూ ఆ అనుమానం రాకపోలేదు, దాచడం దేనికి. సునీత తల్లిని చూసింది, ఫోనులో మాట్లాడుతున్న అత్తను చూసింది, నన్ను చూసింది. జబ్బ విడిపించుకుని, తడి కాళ్లతో, చెప్పులైనా లేకుండా బయటికి నడిచింది.

టైర్ల దుకాణం మెట్టు మీద బ్రహ్మం తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపలి గొడవ ఆయనకు ఎంత వినపడిందో నాకు తెలియదు. కూతురు ఎదురుగా నిలబడేసరికి తల ఎత్తలేదు, కాళ్లే చూశాడు.

"మంటగా ఉండాదా తల్లీ?" అన్నాడు.

నేను గడపలో నిలబడి విన్నాను. పొద్దున్నుంచి ఇందరం ఆడవాళ్లం ఆ కాళ్ల చుట్టూ చేరాం. ఎత్తి చూశాం, వాసన చూశాం, నేనైతే ఈ చేతులతో కడిగాను కూడా. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరి మీదికి వస్తుంది అన్నదే మా గోల తప్ప ఆ ఒక్క మాట ఎవరి నోటా రాలేదు. నాకు సిగ్గేసింది.

అంతవరకూ కన్ను తడవని పిల్ల ఆ మాటకు కూలబడింది. మంటగా ఉంది నాయనా అంది. రాత్రంతా నిద్ర లేదంది. ఏడుస్తూనే ఎర్ర సున్నాల సంగతి, ఫోనులో మాటల సంగతి, నూనె అడిగి పూయించుకున్న సంగతి అంతా చెప్పేసింది. చివరికి ఆ పెళ్లి తనకు వద్దంది. ఆయన మధ్యలో అడ్డం రాలేదు. తలగుడ్డ మడిచి ఆమె కాళ్ల కింద పరిచాడు, మెట్టు దుమ్ము అంటకుండా.

"ఇంత మంట పెట్టుకునేదానికంటే ముందే నాకు చెప్పకపోతివా?"

"చెప్తే ఇంటావా నాయనా?"

బ్రహ్మం వెంటనే వింటాను అనలేదు. నేనైతే అనేసేదాన్ని. ఆయన ఆ పొక్కుల వైపే చూస్తూ ఆలోచించాడు.

"ఏమో తల్లీ," అన్నాడు. "ఇనేవాణ్ని కాదేమో."

రాధాకుమారి ఫోను చెవి దగ్గర పట్టుకునే నా వెనక గడపలోకి వచ్చింది. ఆయన లేచి, ఆమె ఎదుటికి వచ్చి నిలబడి, పెళ్లి లేదన్న మాట తనే చెప్పాడు.